మిగతాది ఆర్డర్ చేతికొచ్చాక

ఈ సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మా నాన్న నన్ను పెరట్లోకి పిలిచారు. ఇంట్లో అందరి ముందు చెప్పలేని మాటేదో ఉందని అర్థమైంది. "ఏరా, మన చెరువు కింద నలభై సెంట్లు అమ్మేద్దాం అనుకుంటున్నా. నీ ఉద్యోగం కోసం" అన్నారు.

విషయం ఏంటంటే, మా నాన్నకి తెలిసిన ఒకాయన ఉన్నారు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. ఆయన మా ఇంటికొచ్చి టీ తాగి, త్వరలో ఇంజనీరింగ్ పోస్టులు పడబోతున్నాయని, "పైన" తనకి మనుషులున్నారని, మొత్తం 8 లక్షలవుతుందని చెప్పారట. ముందు 2 లక్షలు ఇవ్వాలి. మిగతా 6 లక్షలు ఆర్డర్ చేతికొచ్చాకే. పని కాకపోతే ఆ రెండూ వెనక్కి. "మీకు రిస్కేముంది అన్నయ్యగారూ" అన్నారట.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చినప్పుడు నేనూ కూర్చున్నా. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న "బీటెక్‌లో పర్సంటేజీ ఎంత బాబూ?" రెండోది "గేట్ రాశావా, స్కోరెంత?" చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మెరిట్ ఉన్న కుర్రాడైతే మా పని ఈజీ అవుతుంది" అన్నారు.

ఆ ఒక్క మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది. పైరవీతో వచ్చే ఉద్యోగానికి నా మెరిట్‌తో ఆయనకేం పని?

రాత్రి పడుకున్నాక లెక్క వేశాను. మనం ఇంజనీర్లం కదా, ఇంకేం చేస్తాం. ఈ లెక్కలో అంకెలు నేను ఊహించినవే కానీ పద్ధతి మాత్రం అదే. ఆయన 40 మంది దగ్గర 2 లక్షల చొప్పున తీసుకున్నారనుకుందాం. 80 లక్షలు. ఆయన ఎవరికీ ఫోన్ చెయ్యరు, ఎవర్నీ కలవరు, పరీక్ష తేదీ దాకా హాయిగా ఇంట్లో కూర్చుంటారు. అందరూ బాగా చదివే పిల్లలే కాబట్టి పది మందిలో ఒకరికి సొంతంగానే ఉద్యోగం వస్తుందనుకుందాం. అంటే నలుగురు. ఆ నలుగురి ఇళ్ళకి స్వీట్ బాక్సుతో వెళ్ళి, "చెప్పానా అన్నయ్యగారూ" అని మిగతా 6 లక్షలు తీసుకుంటారు. నలుగురి దగ్గరా కలిపి 32 లక్షలు. రాని 36 మందికి 72 లక్షలు నెమ్మదిగా, వాయిదాల మీద, "ఖర్చులు" పోను తిరిగిస్తారు. ఈలోపు ఆ 80 లక్షలూ మన ఊళ్ళో నడిచే రెండు రూపాయల వడ్డీకి తిప్పినా నెలకి లక్షా అరవై వేలు.

ఉద్యోగం వచ్చినవాడి తల్లిదండ్రులు జీవితాంతం ఆయన్ని దేవుడంటారు. రానివాడు "డబ్బు తిరిగిచ్చాడు, నిజాయితీపరుడే" అంటాడు. ఆయన అమ్మింది ఏంటి? నా చదువునే నాకు అమ్మారు. అందుకే పర్సంటేజీ అడిగింది.

ఉదయం ఈ లెక్క మా నాన్నకి కాగితం మీద వేసి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "లెక్క బాగానే ఉందిరా. కానీ నిజంగానే ఆయనకి పైన మనుషులుంటే?" అన్నారు.

ఈ ప్రశ్నకి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. హాస్టల్‌కి తిరిగొచ్చాక, లా చదువుతున్న మా స్కూల్ ఫ్రెండ్ సాయంతో చట్టాలు చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చిందే. నేను లాయర్ని కాను. కానీ ఇంకో ఏడాదిలో నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే మనందరికీ ఈ విషయం తెలిసుండాలని రాస్తున్నా.

150 ఏళ్ళ కిందటి ఉదాహరణ

మొదట నన్ను ఆశ్చర్యపరిచింది 1872 నాటి భారత ఒప్పందాల చట్టం, అదే కాంట్రాక్ట్ యాక్ట్. అందులో 23వ సెక్షన్ ఎలాంటి ఒప్పందాలు చెల్లవో చెబుతుంది. దాని కింద కొన్ని ఉదాహరణలిచ్చారు. వాటిలో ఒకటి అచ్చంగా మా ఇంటి కథే. 'ఎ' అనే వ్యక్తి 'బి'కి ప్రభుత్వ సర్వీసులో ఉద్యోగం సంపాదించి పెడతానంటాడు, 'బి' అందుకు 1,000 రూపాయలు ఇస్తానంటాడు. ఈ ఒప్పందం చెల్లదు, ఎందుకంటే దాని ప్రతిఫలమే చట్టవిరుద్ధం. అంతే, రెండు ముక్కల్లో తేల్చేశారు.

అంటే 150 ఏళ్ళ కిందటే ఈ బేరం ఎంత మామూలైపోయిందంటే, చట్టం రాసినవాళ్ళకి ఉదాహరణ కావాల్సి వస్తే ఇదే గుర్తొచ్చింది. రేటు మాత్రమే 1,000 నుంచి 8 లక్షలకి పెరిగింది.

ఈ ఉదాహరణకి ఇవాళ కూడా ప్రాణం ఉంది. డబ్బు తీసుకున్నాయన ప్రోనోటు రాసిస్తాడు, ఖాళీ చెక్కు ఇస్తాడు, "చేబదులుగా తీసుకున్నాను" అని కాగితం రాస్తాడు. మనవాళ్ళకి అదో ధైర్యం. కానీ ఆ డబ్బు వెనకున్న అసలు సంగతి ఉద్యోగం బేరమని కోర్టులో తేలితే, ఆ ఒప్పందాన్ని పట్టుకుని డబ్బు రాబట్టుకోవడం దాదాపు కుదరదు. చట్టవిరుద్ధమైన బేరంలో చెయ్యి కలిపినవాడికి కోర్టు మామూలుగా సాయం చెయ్యదు. "పని కాకపోతే డబ్బు వెనక్కి" అన్న మాట వెనక చట్టం లేదు, ఆయన మంచితనం ఒక్కటే ఉంది.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో పదవుల అమ్మకాన్ని నిషేధిస్తూ 1551లోనే చట్టం చేశారు. 1809లో దాన్ని ఇంకా బిగించారు. ఆ ఏడాది బ్రిటిష్ సైన్యాధిపతి డ్యూక్ ఆఫ్ యార్క్ ప్రియురాలు మేరీ ఆన్ క్లార్క్ డబ్బు తీసుకుని సైన్యంలో పదవులు ఇప్పించిందన్న గొడవ పార్లమెంటు దాకా వెళ్ళి, ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ చట్టం ఈస్టిండియా కంపెనీ ఉద్యోగాలకి కూడా వర్తించింది. అంటే మన దేశంలో కొలువులు లండన్‌లో అమ్ముడుపోయేవన్నమాట.

అమెరికా చట్టంలో ఒక మంచి సంగతి ఉంది. కేంద్ర ప్రభుత్వ పదవి ఇప్పించేందుకు పలుకుబడి వాడతానని డబ్బు అడగడం, తీసుకోవడం అక్కడ నేరం. ఆ డబ్బు సొంతానికైనా, పార్టీ విరాళం పేరుతోనైనా ఒకటే. డబ్బు ఇచ్చేవాడికి ఇంకో సెక్షన్ ఉంది. 1952లో మిసిసిపీకి చెందిన ఒక కేసులో నిందితులు "ఆ పదవి అప్పటికింకా పుట్టనే లేదు కదా" అని వాదించారు. లేని పదవి మీద పలుకుబడి అమ్మినా నేరం నేరమే అని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. పడని పోస్టులు అమ్మే మన పైరవీకారులకి సరిగ్గా సరిపోయే తీర్పు.

మన చట్టం ఏమంటోంది

మన దగ్గర 1860 నాటి శిక్షాస్మృతిలోనే దీనికి సెక్షన్లుండేవి. తర్వాత వాటిని తీసేసి 1988 అవినీతి నిరోధక చట్టంలో కలిపారు. 2018 జులైలో ఆ చట్టాన్ని గట్టిగా మార్చారు. ఇప్పుడు మనం చూడాల్సింది 7ఎ సెక్షన్. ప్రభుత్వోద్యోగి చేత అక్రమంగా పని చేయిస్తానని, అవినీతి మార్గంలోనో తన సొంత పలుకుబడితోనో, ఎవరైనా సరే డబ్బు తీసుకుంటే, తీసుకోవడానికి ప్రయత్నించినా, కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 7 ఏళ్ళు జైలు, ఇంకా జరిమానా. తీసుకున్నాయన ప్రభుత్వోద్యోగి కానక్కర్లేదు. మా ఇంటికొచ్చిన తెల్ల చొక్కా ఆయనకీ ఇది వర్తిస్తుంది.

ఇక ఆయనకి పైన ఎవరూ లేకపోతే, అంతా డ్రామానే అయితే, అది మోసం. పాత శిక్షాస్మృతిలో మనందరికీ తెలిసిన 420 అది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ అయింది. దానికీ 7 ఏళ్ళ దాకా జైలు ఉంది. అంటే నిజంగా పలుకుబడి ఉంటే అవినీతి కేసు, లేకపోతే మోసం కేసు. మా నాన్న అడిగిన "నిజంగానే ఉంటే?" అన్న ప్రశ్నకి చట్టం ఇచ్చే జవాబు ఇది. ఉన్నా నేరమే, లేకున్నా నేరమే.

మరి ఇచ్చేవాడి సంగతి? ఇక్కడే అసలు చిక్కు. 2018 సవరణతో లంచం ఇవ్వడం నేరుగా నేరమైంది. 8వ సెక్షన్ కింద 7 ఏళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ప్రభుత్వోద్యోగి చేతికే ఇవ్వాలని లేదు, మధ్యవర్తికిచ్చినా అంతే. రెండు మినహాయింపులున్నాయి. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోపు దర్యాప్తు సంస్థకి చెప్పాలి. లేదా ముందే వాళ్ళకి చెప్పి, పట్టించడానికి సాయంగా ఇవ్వాలి. అంతకుముందు 24వ సెక్షన్ అని ఒకటుండేది. లంచం తీసుకున్న ఉద్యోగి మీద కేసులో, ఇచ్చినవాడు కోర్టులో నిజం చెబితే, ఆ మాట ఆధారంగా అతని మీద కేసు పెట్టకూడదనేది దాని సారాంశం. 2018లో దాన్ని తీసేశారు.

మా మావయ్య ఎందుకు నోరు విప్పలేదు

ఇది చదివినప్పుడు నాకు మా మావయ్య గుర్తొచ్చాడు. ఆరేళ్ళ కిందట ఒక ఆఫీసులో అటెండర్ పోస్టు ఇప్పిస్తానన్న మనిషికి 3 లక్షలిచ్చాడు. అత్తయ్య గాజులు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు అది. ఉద్యోగం రాలేదు, డబ్బూ రాలేదు, గాజులూ రాలేదు. పోలీసులకి చెప్పమని అందరూ అన్నారు. "చెబితే ముందు నన్నే లోపలేస్తార్రా" అనేవాడు. మేమంతా అది పిరికితనం అనుకున్నాం. చట్టం చదివాక తెలిసింది, మావయ్య భయంలో సగం నిజం ఉందని.

ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేదు. ఉద్యోగం ఆశతో తనే ఇచ్చాడు. కాబట్టి "బలవంతం" అన్న మినహాయింపు సులువుగా దొరకదు. బలవంతం అనుకున్నా, 7 రోజులంటే ఎలా? ఉద్యోగం బేరంలో మోసం బయటపడేది వారంలో కాదు, ఏడాదికో రెండేళ్ళకో. ఈలోపు "ఫైలు కదులుతోంది", "ఎలక్షన్ కోడ్ వచ్చింది", "సార్ ఢిల్లీ వెళ్ళారు" అంటూ గడిచిపోతుంది.

ఒప్పుకోవాలి, పోలీసులు మామూలుగా ఇలాంటివాటిని మోసం కేసులుగానే రాస్తున్నారు. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళని బాధితులుగానే చూస్తున్నారు. పేపర్లో జిల్లా పేజీ తిప్పితే "ఉద్యోగాల పేరిట మోసం" అన్న వార్త కనబడుతూనే ఉంటుంది. కానీ అక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ వార్తలన్నీ చెడిపోయిన బేరాలు. డబ్బిచ్చాడు, ఉద్యోగం రాలేదు, కేసు పెట్టాడు. డబ్బిచ్చి నిజంగానే ఉద్యోగం కొనుక్కున్నవాడు కేసు పెట్టడు. తీసుకున్నవాడూ చెప్పడు. ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. నష్టపోయినవాడు మూడోవాడు. లైబ్రరీలో మూడేళ్ళు కూర్చుని, ఒక మార్కుతో పోయినవాడు. తనకి రావాల్సింది అమ్ముడుపోయిందని వాడికి తెలియనే తెలియదు. ఫిర్యాదు ఎవరిస్తారు?

మన చట్టాల్లో నాకు కనబడ్డ పెద్ద లోపం ఇదే. విఫలమైన బేరాలే వాటికి దొరుకుతాయి, సఫలమైనవి దొరకవు.

దొరికినప్పుడు ఏమైంది

అప్పుడప్పుడూ సఫలమైనవీ దొరికాయి. హర్యానాలో 1999-2000లో 3,206 మంది జూనియర్ టీచర్ల నియామకంలో జరిగిన అక్రమాలకి, మాజీ ముఖ్యమంత్రి ఓం ప్రకాశ్ చౌతాలాకి 2013 జనవరిలో 10 ఏళ్ళ శిక్ష పడింది. శిక్ష పడినవాళ్ళలో ఐఏఎస్ అధికారులూ ఉన్నారు. శిక్ష పడేసరికి పన్నెండేళ్ళకి పైనే గడిచింది.

పశ్చిమ బెంగాల్ సంగతి ఇంకా బాధాకరం. 2016 నాటి స్కూల్ ఉద్యోగాల ఎంపికలో జరిగిన అక్రమాల వల్ల 25,753 మంది నియామకాలు చెల్లవని 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఓఎంఆర్ షీట్లు నాశనమైపోవడంతో మొత్తం ఎంపికే నమ్మలేనంతగా పాడైపోయింది. దాంతో ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా కష్టపడి చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు కూడా రోడ్డున పడ్డారు. పిల్లలు, హోమ్‌లోన్లు, ముసలి తల్లిదండ్రులు ఉన్నవాళ్ళు. "నేను 8 లక్షలిస్తే ఎవరికేం నష్టం?" అని అడిగేవాళ్ళకి ఆ టీచర్లని చూపించాలి.

తమిళనాడు కేసు ఇంకోరకం. అక్కడ రవాణా సంస్థలో ఉద్యోగాలిప్పిస్తామని డబ్బు తీసుకున్నారన్న ఆరోపణలు అప్పటి మంత్రి దాకా వెళ్ళాయి. ఇచ్చినవాళ్ళు, తీసుకున్నవాళ్ళు రాజీకొచ్చారు, డబ్బు తిరిగిచ్చేశారు. హైకోర్టు కేసు కొట్టేసింది. 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని తిప్పికొట్టి, కేసు మళ్ళీ నడవాలంది. ఇది ఇద్దరి మధ్య డబ్బు గొడవ కాదు, సమాజం మీద జరిగిన నేరం, కాబట్టి రాజీతో మాఫీ కాదన్నది దాని సారం. నాకు చాలా నచ్చిన తీర్పు ఇది. "డబ్బు వెనక్కిచ్చేశాడు కదా, ఇంకేం కేసు" అనే మన ఊరి పంచాయితీలన్నిటికీ అది జవాబు.

మన తెలుగు నేల మీద 2023లో ఏం జరిగిందో సీనియర్లందరికీ గుర్తుంది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేపర్ల లీకేజీ. మార్చి 5న జరిగిన ఏఈ పరీక్ష రద్దయింది. 2022 అక్టోబర్ 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. నిందితుల్లో కమిషన్ లోపల పనిచేసే ఉద్యోగులే ఉన్నారు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2023 జూన్ 11న మళ్ళీ పెడితే, నిర్వహణలో లోపాలున్నాయని హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఒకే పరీక్ష కోసం అశోక్ నగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో రూమ్ అద్దెలు కడుతూ ఎదురుచూసినవాళ్ళ వయసుని ఎవరు తిరిగిస్తారు?

ఆ తర్వాత, 2024లో కేంద్రం పబ్లిక్ పరీక్షల చట్టం తెచ్చింది. జూన్ 21 నుంచి అమల్లో ఉంది. అక్రమాలకి 3 నుంచి 5 ఏళ్ళు, ముఠాగా చేస్తే 5 నుంచి 10 ఏళ్ళు, కనీసం కోటి రూపాయల జరిమానా. యూపీఎస్సీ, ఎస్‌ఎస్‌సీ, రైల్వే, బ్యాంకు పరీక్షలు, ఎన్‌టీఏ పరీక్షలు దీని కిందకొస్తాయి. రాష్ట్ర కమిషన్లు రావు. వాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చేసిన చట్టం ఉంది. మంచిదే. కానీ అసలు పరీక్షే లేని ఉద్యోగాల సంగతేంటి? అవుట్‌సోర్సింగ్, కాంట్రాక్ట్, "టెంపరరీ, తర్వాత పర్మినెంట్ చేస్తారు" అని చెప్పే పోస్టులు? పరీక్ష లేదు, ర్యాంకు లేదు, లిస్టు లేదు. పైరవీకారులకి అంతకన్నా మంచి మార్కెట్ ఇంకోటుందా?

"సిఫార్సు కూడా తప్పేనా?"

మా రూమ్మేట్‌తో ఈ విషయం మీద రెండు రాత్రులు గొడవైంది. వాడి వాదన రెండు ముక్కలు. ఒకటి, "మన దేశంలో సిఫార్సు లేకుండా ఏ పనైనా అవుతుందా? ఎమ్మెల్యే లెటర్ తీసుకెళ్ళడం కూడా నేరమేనా?" రెండు, "అందరూ ఇస్తున్నప్పుడు నువ్వొక్కడివే ఇవ్వకపోతే నష్టపోయేది నువ్వే."

మొదటిదానికి చట్టమే సమాధానం చెబుతుంది. తెలిసినవాళ్ళని సలహా అడగడం, అప్లికేషన్ రాయించుకోవడం, అన్యాయం జరిగితే ప్రజాప్రతినిధికి మొరపెట్టుకోవడం నేరాలు కావు. పాత శిక్షాస్మృతిలో ఉదాహరణ కూడా ఉండేది. జడ్జి ముందు వాదించినందుకు లాయరు తీసుకునే ఫీజు, ప్రభుత్వానికి పెట్టుకునే వినతిపత్రం రాసిచ్చినందుకు తీసుకునే డబ్బు దీని కిందకి రావని. శ్రమకి డబ్బు తీసుకోవచ్చు. తన పరిచయాలకి రేటు కట్టి, ఆఫీసర్ని పక్కదారి పట్టిస్తానని అమ్మితే నేరం. డబ్బు లేని సిఫార్సు మంచిదని నేను అనట్లేదు. అదీ ఒకడి సీటు లాగేయవచ్చు. కానీ రెండూ ఒకటి కావు.

రెండోదానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. వాడు చెప్పింది కొంతవరకు నిజం. మా నాన్న కూడా అదే అన్నారు. "రేపు నీకు రాక, పక్కింటోడికొస్తే, నువ్వు నన్నేమీ అనవు. నేనే నన్ను అనుకుంటా" అన్నారు. ఆ మాటకి నా లెక్కలేవీ పనిచెయ్యలేదు. తండ్రి భయం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. కానీ "అందరూ ఇస్తున్నారు" అన్న మాటని మొదట పుట్టించేది ఎవరు? ఆ తెల్ల చొక్కాలే. తనకి నిజంగా అంత పలుకుబడి ఉంటే ఆయన సొంత కొడుకు ఊళ్ళో సెల్ షాపు ఎందుకు నడుపుతున్నాడని మా అమ్మ అడిగింది. నా గ్రాఫులన్నిటికన్నా ఆ ప్రశ్నే మా నాన్నకి ఎక్కువ పనిచేసింది.

నేను కోరేది

ఊరికే "యువత మేలుకోవాలి" అని రాసి ముగించడం నాకిష్టం లేదు. కాబట్టి నాకు తోచిన నాలుగు మార్పులు చెబుతా.

మొదటిది, ఉద్యోగం పేరుతో డబ్బిచ్చి, ఇంకా ఉద్యోగం పొందని మనిషి తనంతట తానుగా ముందుకొచ్చి నిజం చెబితే, అతన్ని నిందితుడిగా కాక సాక్షిగా చూస్తామని చట్టంలోనే రాయాలి. 7 రోజుల గడువు ఇలాంటి బేరాలకి సరిపోదు. ఇందులో ఒక ఇబ్బంది ఉందని నాకూ తెలుసు. ఇచ్చినవాడూ అమాయకుడు కాదు, ఇంకొకరి సీటు లాగాలనే ఇచ్చాడు. అందుకే క్షమ అందరికీ వద్దు. ఉద్యోగం కొనుక్కుని జీతం తీసుకుంటున్నవాడికి అసలొద్దు. మా మావయ్యలాంటివాళ్ళకి డబ్బు తిరిగి రాకపోయినా పర్లేదు, నోరు తెరిచే దారి కావాలి. ఆయన నోరు తెరవకపోవడం వల్లే కదా అదే మనిషి తర్వాత ఇంకెంతమంది ఇళ్ళకో వెళ్ళగలిగాడు.

రెండోది, రాజీలు ఆగాలి. తమిళనాడు తీర్పు స్ఫూర్తితో, డబ్బు తిరిగిచ్చినంత మాత్రాన కేసు మూసేయకూడదు.

మూడోది, అవుట్‌సోర్సింగ్, కాంట్రాక్ట్ పోస్టులకి కూడా నోటిఫికేషన్, అర్హత మార్కులు, ఎంపికైనవాళ్ళ లిస్టు అందరికీ కనబడేలా పెట్టాలి. కేంద్రం 2016 జనవరి నుంచి కింది స్థాయి పోస్టులకి ఇంటర్వ్యూలు తీసేసింది. ఇంటర్వ్యూలో మార్కులేయించే పైరవీకి ఆ పోస్టుల్లో చోటు లేకుండా పోయింది. రెండు రాష్ట్రాల్లో ప్రతి చిన్న ఆఫీసు దాకా ఆ పద్ధతి రావాలి.

నాలుగోది, ఆ మూడోవాడికి, అంటే ఒక మార్కుతో పోయినవాడికి, తన ఓఎంఆర్, కీ, కటాఫ్, ఎంపికైనవాళ్ళ మార్కులు చూసుకునే హక్కు గట్టిగా ఉండాలి. సఫలమైన బేరాన్ని పట్టుకోగలిగేది వాడే. బెంగాల్‌లో ఓఎంఆర్‌లు ఉండి ఉంటే నిజాయితీగా వచ్చినవాళ్ళనైనా సులువుగా వేరుచేయగలిగేవారేమో.

ఇక మన క్యాంపస్ సంగతి. ఫైనలియర్‌లో మనలో కొందరికి "బ్యాక్‌డోర్" ఐటీ ఉద్యోగాల ఫోన్లు వస్తున్నాయి. ప్రైవేటు కంపెనీలకి పైన చెప్పిన అవినీతి చట్టం మామూలుగా వర్తించదు, అక్కడ ఆధారం మోసం కేసే. ప్రభుత్వ ఉద్యోగం పేరుతో ఎవరైనా మీ ఇంటికొస్తే మాత్రం దయచేసి డబ్బివ్వకముందే ఏసీబీకి చెప్పండి. తెలంగాణలో టోల్‌ఫ్రీ నంబర్ 1064. ఇచ్చాక చెప్పడం కన్నా ఇవ్వకముందు చెప్పడంలో మీకు చట్టం పూర్తిగా తోడుంటుంది.

"మరి నువ్వు చెప్పావా?" అని మీరడుగుతారు. నిజం చెప్పాలి కదా, నేనూ ఇంకా చెప్పలేదు. ఆయన మా నాన్నకి పాతికేళ్ళ పరిచయం, మా అక్క పెళ్ళిలో పందిరి దగ్గర నిలబడి పనులు చూసిన మనిషి. నాన్న "మనం ఇవ్వట్లేదు, అంతటితో వదిలెయ్" అన్నారు. వదిలేస్తే ఆయన మా వీధి చివర ఇంకో ఇంటికి వెళ్తాడు. ఆ ఇంట్లో నా జూనియర్ ఒకడున్నాడు, మంచి పర్సంటేజీ ఉన్నవాడు. ముందు వాడికి ఈ వ్యాసం పంపిస్తున్నా. వచ్చే వారం ఇంటికెళ్ళి మా నాన్నతో మళ్ళీ పెరట్లో కూర్చుంటా. ఈసారి ఇద్దరం కలిసి ఆ ఫోన్ చెయ్యాలని అడుగుతా.

ఆ నలభై సెంట్లు మాత్రం అమ్మలేదు. నోటిఫికేషన్ పడితే ఫీజు కట్టి అప్లై చేస్తా. రాకపోతే ఎందుకు రాలేదో నా ఓఎంఆర్ చూసుకుంటా.